గానుగ గదిలో పాఠం

నమోదు 1

మా బడిలో ఆఖరి ఏడు చదివే పిల్లలు తలా ఒక పెద్దవారికి తోడుగా ఉండాలి. వాళ్ళ పనుల్లో సాయం చేయాలి, చేసింది రాయాలి. పని సంగతి ఎలా ఉన్నా రాయడమంటే నాకు ప్రాణం. నీళ్ళ శుద్ధి కేంద్రంలో వేస్తారేమోనని భయపడుతూ కూర్చున్నాను. తాయారు టీచరు గారి దగ్గర వేశారు.

ఆవిడ మొదట వ్యోమగామి. అంతరిక్షంలో ఎన్ని నెలలు గడిపారో ఆవిడకే సరిగా గుర్తు లేదంటారు. తర్వాత భూమి మీద, సముద్రం ఒడ్డున ఉన్న మల్లెడిపాలెం బడిలో సైన్సు చెప్పారు. సెలవుల్లో ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక, బరువు తక్కువగా ఉండేచోట ఇంకొన్నాళ్ళు నిలబడి పాఠం చెప్పుకోవచ్చని చంద్రుడి మీది మా ఊరికి వచ్చారు. నేను మాత్రం ఇక్కడే పుట్టాను. నా పేరు మేదిని. అంటే భూమి. నాన్న పెట్టాడు. అక్కడ వదిలేసి వచ్చినదాన్ని ఇలా రోజుకి పదిసార్లు పిలుచుకుంటున్నాడని అమ్మ ఎగతాళి చేస్తుంది.

వెళ్ళగానే టీచరు గారు నన్ను కిందా మీదా చూశారు.

"నీకేం వచ్చే?"

"రాయడం వచ్చండీ. మాటలంటే చాలా ఇష్టం."

"మాటలు నా దగ్గర బోలెడున్నాయి. ముందు ఆ గాలి ఫిల్టరు ఊడదీసి దులుపు. రెండ్రోజుల్నించీ తుమ్మి తుమ్మి చస్తున్నా."

దులిపాను. చంద్రుడి దుమ్ము కాల్చిన టపాకాయ వాసన వేస్తుందని ఆవిడ అన్నారు. నేను టపాకాయ ఎప్పుడూ చూడలేదు. అందుకని నాకు టపాకాయే చంద్రుడి దుమ్ములా వాసన వేస్తుంది.

(తెలుగు మాస్టారు వర్ణనలు తగ్గించమన్నారు. తగ్గిస్తాను.)

నమోదు 2

ఈరోజు లింకు పాఠం. మా తరగతి గదిలోంచి ఆవిడ వారానికోసారి మల్లెడిపాలెం పిల్లలకి పాఠం చెబుతారు. తెర సర్దడం, సుద్దముక్కలు అందించడం నా పని.

మన మాట భూమికి చేరి, జవాబు మనకి తిరిగి రావడానికి ఒక నిండు ఊపిరి పీల్చి వదిలేంత సేపు పడుతుంది. టీచరు గారు ఒక తమాషా చెప్పి ఆగిపోతారు. తెరమీద పిల్లలు బిగుసుకుని కూర్చునే ఉంటారు. నాకు చెమటలు పడతాయి. ఆవిడ నిబ్బరంగా నిలబడి ఉంటారు. అప్పుడొస్తుంది నవ్వు, గది నిండా.

"నవ్వుకి చోటు వదలాలే," అన్నారు పాఠం అయ్యాక. "తొందరపడి తర్వాతి మాట మొదలెట్టావనుకో, నీ మాటా వాళ్ళ నవ్వూ గుద్దుకుంటాయి. రెండూ పోతాయి."

"ఎవరూ నవ్వకపోతేనండీ?"

"తలకాయ వంచుకుని కాగితాలు సర్దుకోవాలి. అదీ నేర్పిస్తాలే."

పాఠం చివర్లో గంగాభవాని అనే పిల్ల లేచి, కొత్త బడికి రంగులు వేస్తున్నారని చెప్పింది. సముద్రం ముందుకొచ్చి పాత బడిని తీసుకుపోయింది. ఇప్పుడు ఎత్తు స్తంభాల మీద కొత్తది కట్టారు. అందులో మొదటి పాఠం తాయారు టీచరమ్మే వచ్చి చెప్పాలని పిల్లలు పట్టుబట్టారు. అక్కడి కోటేశు మాస్టారు కూడా ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఆవిడ వస్తానని మాటిచ్చారు. వచ్చే ఓడలో చోటు కూడా అడిగారు.

అయితే ఒక చిక్కు ఉంది. కింద బరువు ఇక్కడికి ఆరింతలు. ఒక పీరియడు పొడవునా ఆ బరువుతో, ఏ ఆసరా లేకుండా నిలబడి చూపిస్తేనే ఓడ ఎక్కనిస్తానని డాక్టర్ గ్రేసమ్మ గారు షరతు పెట్టారు.

"కుర్చీలో కూర్చుని చెప్పొచ్చు కదండీ," అన్నాను.

"కూర్చుని పాఠం చెప్పేదాన్నయితే ఇంత దూరం ఎందుకొస్తానే," అన్నారు.

నమోదు 4

గానుగ దగ్గరికి వెళ్ళాం. పొడుగాటి ఇనుప చెయ్యి, దాని చివర ఒక గది. ఆ చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ గదిలోని వాళ్ళకి బరువు పెరుగుతుంది. దాని అసలు పేరు చాలా పెద్దది, మొదట్లో వచ్చినవాళ్ళెవరో గానుగ అన్నారు, అదే నిలిచిపోయింది. ఎముకలు గుల్లబారకుండా మా ఊళ్ళో అందరూ రోజూ అందులో కాసేపు ఉండాల్సిందే. పిల్లలకి సగం బరువే ఇస్తారు. అదీ వెల్లకిలా పడుకోబెట్టి, బెల్టులు బిగించి, పెడళ్ళు తొక్కిస్తారు. అంటే నేను ఎన్నేళ్ళుగా గానుగ ఎక్కుతున్నా అందులో ఎప్పుడూ నిలబడలేదు.

మొన్న నా ఎముకలు చూసి గ్రేసమ్మ గారు పూర్తి బరువుకి ఒప్పుకున్నారు. టీచరు గారు పాఠం సాధన చేస్తుంటే ఎదురుగా వినేవాళ్ళు ఎవరో ఉండాలి కదా.

గానుగ నడిపేది మా నాన్నే. బయట గదిలో కూర్చుంటాడు. మాట మాత్రం స్పీకర్లో వినిపిస్తుంది.

"అమ్మా, తిప్పుతున్నా. తల గబుక్కున పక్కకి తిప్పమాకండి, కళ్ళు తిరుగుతాయి. మేదినీ, నువ్వు గోడకి ఆనుకుని కూర్చో."

మొదట నా చెంపలు ఉన్నట్టు తెలిసింది. అంతకుముందు వాటి సంగతి నాకు తెలియదు. ఆ తర్వాత జడ. వెనక ఎవరో నిలబడి మెల్లగా లాగుతున్నట్టు ఉంది. తిరిగి చూశాను, ఎవరూ లేరు, పైగా కళ్ళు తిరిగాయి. నాన్న తిట్టాడు.

టీచరు గారు ఒక చేత్తో గోడ పట్టుకుని లేచారు. పెదవులు బిగించారు. ఆవిడ మొహం కొంచెం కిందికి జారి, ఇంకా పెద్దావిడ అయిపోయారు. గోడ వదిలారు. మా ఇద్దరికీ ఎదురుగా పిల్లలు ఉన్నట్టే, "కూర్చోండర్రా," అన్నారు.

కాసేపే. మళ్ళీ గోడ పట్టుకున్నారు. అయినా దిగేటప్పుడు ఈల వేశారు. ఆవిడకి ఈల వేయడం వచ్చని నేను అనుకోలేదు.

నమోదు 7

రోజూ కొంచెం కొంచెం ఎక్కువసేపు నిలబడుతున్నారు. నాన్న బేరింగులకి గ్రీజు పెట్టే వేళకి వెళ్ళి, అది అయ్యేదాకా బయట బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటాం. ఆవిడ మోకాళ్ళకి నేను నూనె రాస్తాను. అప్పుడే కబుర్లన్నీ.

పెద్ద పెద్ద హాళ్ళలో ఉపన్యాసాలిచ్చేటప్పుడు చివర్లో ప్రశ్నలు అడగమంటే, సూటు వేసుకున్న పెద్దమనిషైనా, రెండో తరగతి పిల్లాడైనా ఒకటే అడిగేవారట: అక్కడ బాత్రూముకి ఎలా వెళ్తారు అని.

"ఏం చెప్పేవారండీ?"

"వెళ్ళడం తేలికే, అది మనతో రాకుండా చూసుకోవడమే కష్టం అనేదాన్ని. హాలంతా గొల్లుమనేది. ఆ నవ్వులోనే అసలు సంగతి చెప్పేసేదాన్ని. మనుషులు నవ్వినప్పుడు నోరు తెరుస్తారు చూడు, అప్పుడే చెవులు కూడా తెరుచుకుంటాయి."

ఇంకోటి చెప్పారు. మొదటిసారి అంతరిక్షం నుంచి తిరిగొచ్చాక అత్తగారింటికి వెళ్ళారట. అత్తగారు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. ఎవరో పలకరిస్తే నమస్కారం పెట్టాలని, నెలల తరబడి అలవాటైన చేత్తో గ్లాసుని గాల్లో వదిలేశారు. అది అక్కడే ఉంటుందనుకుని.

"దబ్బుమని పడింది. మా అత్తగారు నెమ్మదస్తురాలు. 'కాఫీలో పంచదార ఎక్కువైందా అమ్మాయ్' అని అడిగింది."

నేను చాలాసేపు నవ్వాను. దబ్బుమని అనే మాట నాకిష్టం. ధనేలుమని, ఢామ్మని, టప్పుమని కూడా ఇష్టం. అవన్నీ పుస్తకాల్లోంచి ఏరి ఒకచోట రాసి పెట్టుకున్నాను. మా ఊళ్ళో ఏదీ దబ్బుమని పడదు. గిన్నె చెయ్యి జారితే తాపీగా దిగుతుంది, నేలని తాకి ఇంకోసారి లేస్తుంది. ఆ మాటలు నాకు బొమ్మల్లో చూసిన పక్షుల్లాంటివి.

నమోదు 8

ఈరోజు రాయాలని లేదు. కానీ రాయాలి.

ఆవిడ చాలా హుషారుగా ఉన్నారు. గోడ ముట్టుకోకుండా సగం పీరియడు దాటించారు. కాఫీ గ్లాసు కథ చెప్పారు. చెబుతూ, బోర్డు మీద గ్లాసు బొమ్మ వేద్దామని గబుక్కున వెనక్కి తిరిగారు. గానుగలో తల అలా తిప్పకూడదని మా అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. కథ బాగా కుదురుతున్న సంతోషంలో మరిచిపోయారు.

తూలారు. నేను చూశాను. చూసి, లేచి పట్టుకుందామనుకున్నాను. నా ఒళ్ళో రాసుకునే పలక ఉంది. దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టాను.

మా ఊళ్ళో ఎవరైనా తూలితే అలాగే చేస్తాం. బోలెడంత సమయం ఉంటుంది. చేతిలో పళ్ళెం ఉంటే బల్ల మీద పెట్టి, వెళ్ళి, వాళ్ళ భుజం పట్టుకుని నిలబెడతాం. పుట్టినప్పటి నుంచీ అంతే.

పలక పెట్టి తల ఎత్తేసరికి ఆవిడ నేల మీద ఉన్నారు. దబ్బుమన్న చప్పుడు అప్పటికే అయిపోయింది. ఆ చప్పుడు నేను కోరుకున్నట్టుగా లేదు. చిన్నదిగా, మెత్తగా ఉంది.

నాన్న గానుగ ఆపాడు. అది ఆగేదాకా ఆవిడ చెయ్యి పొట్టకి అదుముకుని కళ్ళు మూసుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఏం ముట్టుకోవాలో తెలియలేదు.

నమోదు 9

మణికట్టు విరిగింది. కట్టు వేశారు. ఎముకల ఫోటోలన్నీ చూశాక గ్రేసమ్మ గారు కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నారు.

"మణికట్టు అతుక్కుంటుంది తాయారు గారూ. కానీ తుంటి దగ్గరా వెన్నులోనూ ఎముక బాగా పలచబడింది. ఓడ కింద దిగేటప్పుడు ఇచ్చే కుదుపుకి ఇవి ఆగవు. చెయ్యి విరగకపోతే ఇంత వివరంగా నేనూ చూసేదాన్ని కాదు."

"మందులేమైనా?"

"లేవండీ. మీరింక కిందకి వెళ్ళలేరు. ఈ ఓడలోనే కాదు, ఏ ఓడలోనూ."

టీచరు గారు తల ఊపారు. కిటికీలో భూమి ఎప్పటిలాగే ఆ మూలే ఉంది. మా ఊళ్ళో భూమి ఉదయించదు, అస్తమించదు. ఆవిడ దానివైపు చూడలేదు. నన్ను ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు.

అమ్మ గోంగూర మడికి నీళ్ళు పెడుతుంటే వెళ్ళి అంతా చెప్పి ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. "రేపు పొద్దున్నే వెళ్ళి ఆవిడ జడ వెయ్యి. ఒంటి చేత్తో వేసుకోలేదుగా," అంది.

నమోదు 10

జడ వేశాను. రబ్బరు పెడుతుంటే ఆవిడే అడిగారు.

"పలక కింద పెట్టావేంటే?"

"పగులుద్దేమోనని..."

"పగిలిందా?"

"లేదండీ."

"మంచిది. బడి సొమ్ము."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ బాగున్న చేత్తో నా చెవి మెలిపెట్టారు, నొప్పి పుట్టకుండా.

"నేను గ్లాసు వదిలేశాను. నువ్వు నన్ను వదిలేశావు. ఎవరు మసిలిన చోటు వాళ్ళ చేతుల్లో ఉంటుంది. ఏడవమాక. ముక్కు తుడుచుకుని టీ పెట్టు."

పెట్టాను. తాగుతూ, "ఆ పిల్లలకి ఎట్టా చెప్పను," అన్నారు. అది నాతో అన్న మాట కాదు.

నమోదు 12

లింకు పాఠం రోజు. ఇవాళ చెప్పేస్తానన్నారు.

తెర వెలగగానే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. బోర్డుకి నల్లరంగు వేశారట, ఇంకా తడిగానే ఉందట. ఆవిడ నిలబడే చోట సుద్దతో రెండు పాదాలు గీశారట. సాల్మన్ అనే కుర్రాడు ఆవిడ సంచి తనే మోస్తానని అందరితో ఒట్టు వేయించుకున్నాడట. ఆవిడని రేవు నుంచి తీసుకురావడానికి గంగాభవాని వాళ్ళ నాన్న పడవ కడిగి పెట్టాడట.

టీచరు గారు కట్టు ఉన్న చేతిని బల్ల కిందికి దించేశారు. ఆవిరి గురించి పాఠం చెప్పారు. గబగబా చెప్పారు, ఎక్కడా ఆగలేదు. పిల్లల నవ్వులూ ప్రశ్నలూ ఆవిడ మాటల కింద పడి నలిగిపోయాయి. "ఎప్పుడొస్తారు టీచరమ్మా?" అని ఎవరో అడిగితే, "చూద్దాం, చూద్దాం," అని లింకు తీసేశారు.

ఇన్నాళ్ళలో ఆవిడ నవ్వుకి చోటు వదలకుండా మాట్లాడడం నేను ఇదే మొదటిసారి చూడడం.

నమోదు 13

"నువ్వు రాస్తావుగా, రాయి," అన్నారు. రాలేనని పిల్లలకి ఒక సందేశం. నేను పొద్దున్నుంచీ కూర్చుని రాశాను. నా దగ్గరున్న మంచి మాటలన్నీ అందులో పెట్టాను. విధి, ఎడబాటు, నింగి, నేల, అన్నీ వచ్చాయి. చదివి వినిపించాను.

ఆవిడ చివరిదాకా విని, కళ్ళజోడు తీశారు.

"చాలా బాగుంది మేదినీ. కానీ ఇది చదివితే పిల్లలు నా ఫోటోకి దండ కొనడానికి బజారుకి పోతారు."

సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం.

"రోజూ చెప్పినట్టే ఇక్కణ్ణుంచి తెరలో చెప్పొచ్చు కదండీ. మొదటి పాఠం."

"అది వారం వారం చెప్తూనే ఉన్నానుగా. అక్కడికొచ్చి నిలబడతానన్నా. ఇక్కడ నిలబడ్డం ఏం గొప్ప? ఈకలాగా ఉంటా. కోటేశుని చూడు, పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ బరువంతా మోస్తూ నిలబడి చెప్తాడు. ఆ పిల్లలు ఆ బరువుతోనే అంత దూరం నడిచి బడికొస్తారు. వాళ్ళెదురుగా ఒక్కసారి వాళ్ళలాగా నిలబడదామనుకున్నా. అంతే."

నేను టీ గ్లాసులు కడిగాను. తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

"టీచరు గారూ, వాళ్ళ ఊరు వెళ్ళలేరు గానీ వాళ్ళ బరువులోకి వెళ్ళొచ్చు కదా."

"అంటే?"

"గానుగలోంచి చెప్పండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా మొహంలోకి చూశారు, ఇంకో భాషలో ఏదో రాసి ఉంటే చదువుతున్నట్టు.

నమోదు 14

గ్రేసమ్మ గారు మొదట ససేమిరా అన్నారు. తర్వాత టీచరు గారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. నన్ను బయటికి పంపారు కాబట్టి ఏమన్నారో తెలియదు. చివరికి మూడు షరతుల మీద ఒప్పుకున్నారు. పీరియడంతా కాదు, కొంచెంసేపే. డాక్టరు కూర్చోమంటే మారు మాట్లాడకుండా కూర్చోవాలి. పక్కనే మేదిని నిలబడాలి, చేతిలో ఏమీ లేకుండా.

నాన్న తల గోక్కున్నాడు. "తిరిగే గదిలోంచి లింకు నిలబడుద్దో లేదో."

"తెరమీద మేం గిరగిరా తిరుగుతూ కనపడతామా నాన్నా?"

"ఎందుక్కనపడతారే? కెమెరా కూడా మీతోపాటే తిరుగుద్దిగా. తిరిగేది నా బుర్రే."

రెండ్రోజులు కష్టపడి యాంటెన్నా వైరు ఇరుసు మీదికి మార్చాడు. ఖాళీ దొరికినప్పుడు నన్ను గానుగ ఎక్కించి, తనూ ఎక్కి, పిండి సంచి వదిలి పట్టుకోమనేవాడు. మొదట్లో నా చేతులు వెళ్ళేసరికి సంచి నేల మీద ఉండేది. "నీ చేతులు సినిమా చూస్తున్నాయే," అని నవ్వేవాడు. ఒళ్ళంతా పిండి. నిన్నటికి పదింట్లో ఏడు పట్టుకున్నాను. ఆ మూడూ తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

నమోదు 16

మల్లెడిపాలెంలో కొత్త బడి తెరిచారు.

టీచరు గారు లేత ఆకుపచ్చ చీర కట్టుకున్నారు. ఇక్కడ చీర కట్టడం తలనొప్పి, కుచ్చిళ్ళు తేలిపోతుంటాయి. గానుగ వేగం అందుకోగానే కుచ్చిళ్ళన్నీ ఒక్కసారి బుద్ధిగా కిందికి దిగాయి. ఆవిడ వాటిని చూసుకుని మురిసిపోయారు. గోడ పట్టుకుని లేచి, వదిలేశారు. నేను పక్కన నిలబడ్డాను. తెర వెలిగింది.

కొత్త రంగుల గది. ముందు వరసలో గంగాభవాని, సాల్మన్. గోడ పక్కన కోటేశు మాస్టారు. పిల్లలందరి జుట్టుకీ నూనె రాసి ఉంది.

"పిల్లలూ, ముందుగా ఒక మాట. నేను రావట్లేదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ రాలేను."

ఆగారు. మాట ఇంకా దారిలో ఉంది. తెరమీద పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ కదలకుండా నిలబడి, ఆ నవ్వులు వాడిపోయేదాకా చూశారు. నాకైతే కళ్ళు మూసుకోవాలనిపించింది.

సాల్మన్ లేచాడు. "సంచి మొయ్యడానికి నేనున్నాగా టీచరమ్మా."

"సంచి కాదు నాయనా. ఇదిగో," అని కట్టు చూపించారు. "పడ్డాను. ఒంట్లో ఎముకలన్నీ పలచబడ్డాయంట. ఓడ దిగితే విరిగిపోతాయంట."

కొంచెం ఆగి గంగాభవాని గొంతు వచ్చింది, కోపంగా. "చందమామ మీద పడితే దెబ్బ తగలదని మీరే చెప్పారు."

"చందమామ మీద పడలేదే. మీ బరువులో పడ్డా. మిమ్మల్ని చూడ్డానికి వద్దామని అలవాటు చేసుకుంటూ పడ్డా. ఇప్పుడు కూడా అందులోనే నిలబడి ఉన్నా. చూడండి."

చేతిలోని సుద్దముక్క వదిలేశారు. టక్కుమని పడి రెండు ముక్కలైంది. ఇన్నేళ్ళుగా తెరలో ఆవిడ సుద్దముక్క దూదిలా దిగడం చూసిన పిల్లలు ఆ ముక్కల వైపు చూస్తూ ఉండిపోయారు. కోటేశు మాస్టారు గోడకి ఆనుకున్న వీపు తీసేసి, నిటారుగా నిలబడ్డాడు.

"మొదటి పాఠం. నేను మొదటిసారి ఓడ తలుపు తీసుకుని బయటికి వెళ్ళినప్పుడు చేతికీ కాలికీ ఏమీ తగల్లేదు. తేలాను. ఎంత బాగుందో! ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎన్ని హాళ్ళలో మాట్లాడానో. అన్నిచోట్లా తేలడం గురించే చెప్పా. జనం అదే అడిగేవాళ్ళు. నిలబడ్డం ఎట్టా ఉంటుందని ఒక్కరూ అడగలేదు, నాకూ చెప్పాలనిపించలేదు. మొన్న పడ్డాక పడుకుని ఆలోచిస్తే, నా ఉద్యోగాలన్నిట్లోకీ కష్టమైనది బోర్డు పక్కన నిలబడ్డమే అనిపించింది. ఇష్టమైంది కూడా అదే..."

మోకాళ్ళు వణకడం నాకు కుచ్చిళ్ళలో కనిపించింది. చేతులు రెండూ ముందుకి చాపి సిద్ధంగా ఉన్నాను. స్పీకర్లో గ్రేసమ్మ గారు, "తాయారు గారూ," అన్నారు.

ఆవిడ పడలేదు. "కూర్చుంటానర్రా," అని పిల్లలతో చెప్పి, గోడ పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చున్నారు. చీర సర్దుకున్నారు. చాపిన నా చేతులు అలాగే ఉండిపోయాయి.

ఆవిడ కూర్చోవడం ఆ పిల్లలు ఎన్నడూ చూడలేదు. గది గుసగుసలాడింది. గంగాభవాని మళ్ళీ లేచింది. ఈసారి గొంతులో కోపం లేదు.

"ఎందుక్కూర్చున్నారు టీచరమ్మా?"

"బరువుగా ఉందమ్మా."

ఒక ఊపిరంతసేపు. ఆ పిల్ల మొహం ముడుచుకుంది.

"ఏది బరువు? మీ చేతిలో ఏం లేదుగా?"

టీచరు గారు నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఊగేలా, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వారు. బాగున్న చేత్తో నా పరికిణీ అంచు పట్టుకుని లాగారు.

"విన్నావా? వాళ్ళకి తెలీదు. నేను కూడా పుట్టినప్పుడే మోసి మర్చిపోయినదాన్ని. నువ్వే కొత్తగా చూశావు. నువ్వు చెప్పు."

రాసుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. తెరమీద అందరూ నన్నే చూస్తున్నారు.

"నా పేరు మేదిని," అన్నాను. "నేను ఇక్కడే పుట్టాను. మీరందరూ ఒకసారి లేచి, చెయ్యి పక్కకి చాపండి. నేనూ చాపుతాను."

ఆగాను. ఆగడం ఎంత కష్టమో నిలబడ్డప్పుడే తెలుస్తుంది. అప్పుడు బెంచీలు కదిలాయి. చేతులు లేచాయి, ఒకటీ రెండూ కాదు, గదంతా. కోటేశు మాస్టారు కూడా.

"అలాగే ఉంచండి. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఎవరో మీ మోచెయ్యి పట్టుకుని, రా రా అని కిందికి పిలుస్తున్నట్టు ఉంటుంది. గట్టిగా కాదు. విసుక్కోకుండా. అదే. మీరు అడిగింది అదే. మీరు పుట్టకముందు నుంచీ అది అలా పట్టుకునే ఉంది. నిద్రపోయినా వదల్లేదు, అందుకే మీకు తెలియలేదు. మా ఊళ్ళో అది చాలా కొంచెం. మొన్న ఈ గానుగ గదిలోకొచ్చినప్పుడే నన్ను మొదటిసారి పూర్తిగా పట్టుకుంది. నాకు భయమేసింది. ఇప్పుడు వెయ్యట్లేదు."

అక్కడితో ఆపాను. ఎవరూ నవ్వలేదు. తల వంచుకుని సర్దుకోవడానికి నా దగ్గర కాగితాలు కూడా లేవు.

తెరమీద పిల్లలు తమ చేతుల్ని తామే వింతగా చూసుకుంటున్నారు. ఒకడు కళ్ళు మూసుకున్నాడు. సాల్మన్ చెయ్యి వణికి, కిందికి జారింది. "పిలిచింది," అన్నాడు పక్కవాడితో, మెల్లగా. తర్వాత ఒక్కొక్కటే దిగాయి. కోటేశు మాస్టారు చెయ్యి దించి కళ్ళు తుడుచుకున్నాడు.

గంగాభవాని మాత్రం దించలేదు. మొహం ఎర్రబడింది, పెదవి కొరుక్కుంటోంది.

"ఇంకా పిలుస్తానే ఉందక్కా," అంది.

స్పీకర్లో నాన్న, "టైమైంది, ఆపుతున్నా," అన్నాడు. నేల మీది నుంచి టీచరు గారు, "ఉండవయ్యా," అన్నారు.

నా చెయ్యి కూడా నిప్పుల్లో పెట్టినట్టుంది. ఆ పిల్ల దించేదాకా నేనూ దించలేదు.